చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు

సెప్టెంబరు 3, మంగళవారం

ఈ రోజు పిల్లల్ని అసలు స్కూల్లో వేశారు. ఇన్నాళ్లూ భాష నేర్పే క్లాసులో కూర్చోబెట్టారు, దాంతోనే ఏడాది గడిచిపోయింది. ఇరవై రెండేళ్లపాటు బడి తెరిచే రోజున సుద్దముక్క జేబులో వేసుకుని లోపలికి నడిచినవాణ్ణి, ఈ రోజు గేటు బయట నిలబడి చెయ్యి ఊపాను. చిన్నోడు వెనక్కి తిరిగి చూడలేదు. పదమూడేళ్లు వచ్చాయి కదా, నాన్న చెయ్యి ఊపితే దొరగారి పరువు పోతుంది. పెద్దది తలుపు దాకా వెళ్లి ఒకసారి తిరిగి చూసింది. దానికి పదిహేను. “వెళ్లవే మొద్దూ, మొదటిరోజే ఆలస్యమా” అని అరిచాను. నవ్వి లోపలికి పోయింది.

మధ్యాహ్నం నుంచి డ్యూటీ. మా ఆవిడ ఆసుపత్రి మూడో అంతస్తులో నర్సు. నేను అదే ఆసుపత్రి అడుగున బట్టల గదిలో. ఆవిడ రోగుల్ని చూసుకుంటుంది, నేను వాళ్ల దుప్పట్లు చూసుకుంటాను. ఎవరి ఉద్యోగం పుణ్యమా అని ఈ దేశం వచ్చామో వేరే చెప్పనక్కర్లేదు. ఎవరైనా అడిగితే మాత్రం పిల్లల చదువు కోసం అంటాను. అది అబద్ధం కాదు. పెద్దది ఇక్కడ లెక్కల్లో పెద్ద చదువు చదవాలి. ఆ ఒక్కదాని కోసమే సుద్దముక్క వదిలి దుప్పటి పట్టుకున్నాను.

సెప్టెంబరు 11

చిన్నోడు తుమ్మినా ఇక్కడి భాషలోనే తుమ్ముతున్నాడు.

సెప్టెంబరు 21, శనివారం

శనివారం పొద్దున్న వంటింటి బల్ల దగ్గర పెద్దదానికి ఒక లెక్క ఇవ్వడం అలవాటు. ఈ రోజు ఇచ్చింది దాని వయసుకి మించిందే. నేను మొదటిసారి చేసినప్పుడు రెండు పేజీలు పట్టింది. అది పెన్సిలు కొరుకుతూ కాసేపు కూర్చుంది. పొయ్యి మీద పాలు పొంగేలోపు ఆరు లైన్లలో తేల్చేసింది. చూస్తే నేను నేర్పిన దారి కాదు. బొమ్మ గీసి, ఆ బొమ్మని పక్కకి తిప్పి, ఇక్కడి త్రిభుజాన్ని తీసుకెళ్లి అక్కడ పెట్టింది. నాకు ఒళ్లు జలదరించింది. నా సర్వీసులో ఎన్ని వేల మందికి చెప్పి ఉంటాను? ఇలాంటి బుర్ర ఒక్కటి చూడలేదు. ఒక్కటి.

“ఏంటీ రాత? కోడి కెలికినట్టుంది. ఇలా రాస్తే ఎవడేస్తాడు మార్కులు?” అన్నాను.

“జవాబు కరెక్టేనా నాన్నా?”

“కరెక్టయితే మాత్రం? దారి తప్పి ఊరు చేరినట్టుంది.”

కాగితం నలిపి పడేయబోతే లాక్కున్నాను. పాలు పొంగిపోయాయి. మా ఆవిడ ఇద్దర్నీ కలిపి తిట్టింది. పిల్లల్ని మొహం మీద పొగిడితే పాడైపోతారు, పైగా నా దిష్టే తగులుతుంది. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

అక్టోబరు 8, మంగళవారం

మా సూపర్‌వైజరు ఈ రోజు నేను మడిచిన దుప్పట్ల దొంతర దగ్గర ఆగాడు. అంచులు తడిమి చూసి, “చాలా బాగా మడిచావు, నీలా ఇక్కడ ఎవరూ మడవరు” అన్నాడు. ఆ మాత్రం భాష నాకూ వచ్చింది. నలభై ఎనిమిదేళ్లవాణ్ణి, ఎమ్మెస్సీ చదివినవాణ్ణి, ఇంటిదాకా ఈల వేసుకుంటూ వచ్చాను. “ఏంటి, లాటరీ తగిలిందా?” అంది మా ఆవిడ. ఏం లేదన్నాను. ఇక్కడివాళ్లకి పొగడటం మంచినీళ్ల ప్రాయం, ఊరికే అంటారు. అతను అలా అన్నాక ఇస్త్రీ రోలరు దగ్గర రెండు ట్రాలీలు ఎక్కువే లాగాను.

నవంబరు 5, మంగళవారం

స్కూలు నుంచి కాగితం వచ్చింది. పెద్దది చదివి చెప్పింది. ఇక్కడ పదహారేళ్లకి దారి రెండుగా చీలుతుందట. ఒకటి పై చదువుల స్కూలు, అక్కడినుంచి యూనివర్సిటీ. రెండోది పని నేర్పే స్కూలు, అక్కడినుంచి నేరుగా ఉద్యోగం. ఎవరు ఎటో పరీక్ష పెట్టి తేల్చరట. టీచరూ, పిల్లా, తల్లిదండ్రులూ కూర్చుని మాట్లాడుకుని తేలుస్తారట, పెళ్లిసంబంధం ఖాయం చేసుకున్నట్టు.

కాగితం అడుగున ఒక గడి. అనువాదం చేసే మనిషి కావాలా, ఫోన్లో ఏర్పాటు చేస్తాం అని. అక్కర్లేదన్న చోట టిక్కు పెట్టాను.

“పెట్టించుకో నాన్నా. మాట్లాడేది నా గురించే కదా, నేనెలా చెప్తాను?” అంది పెద్దది.

నువ్వు చెప్తే నీ భాష ఎంత బాగుందో మీ టీచరమ్మ చెవులారా వింటుంది అందామనుకున్నాను. “ఇంట్లో ఉన్నంత నోరు అక్కడా వాడు, సరిపోతుంది” అన్నాను.

నవంబరు 14, గురువారం

మీటింగు బ్రహ్మాండంగా జరిగింది.

మా ఆవిడకి డ్యూటీ, నేనే వెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. క్లాసు టీచరమ్మ చిన్నావిడే, ముప్పై దాటి ఉండవు. లేచి నిలబడి చెయ్యి కలిపింది. ఇన్నేళ్లూ బల్లకి అటువైపు కూర్చున్నవాణ్ణి, ఇటువైపు కూర్చోవడం ఇదే మొదలు. వాళ్లది గుండ్రటి బల్ల కాబట్టి ఎటు ఎటో తెలియలేదు.

అయితే నాకు తండ్రులు తెలుసు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో రెండు రకాలు. “మావాడు వజ్రం సార్” అనేవాడు ఒక రకం. ఆ వజ్రం ఎప్పుడూ చివరి బెంచీలోనే దొరికేది. “మొద్దు వెధవ సార్, తోలు తీసెయ్యండి, ఎముకలు మాకు మిగిలిస్తే చాలు” అనేవాడు రెండో రకం. వాడు తను పస్తుండి కొడుక్కి పుస్తకాలు కొనేవాడు. ఆ మాట అన్న తండ్రి కొడుకుని నేను ఇంకాస్త దగ్గరికి తీసేవాణ్ణి. బిడ్డని మీ చేతుల్లో పెడుతున్నాం, ఇక మీదే భారం అని ఆ మాటకి అర్థం. టీచరుకి ఇచ్చే మర్యాద అది.

“మీ అమ్మాయి గురించి చెప్పండి. తన బలాలేమిటి?” అని అడిగింది టీచరమ్మ. పెద్దది తల వంచుకుని తెలుగులో చెప్పింది.

“బలమా? కంచం ముందు చూడాలి దీని బలం” అన్నాను. పెద్దది ఆగింది. చెప్పమన్నాను. చెప్పింది. టీచరమ్మ నవ్వలేదు. ఇక్కడివాళ్లకి హాస్యం తక్కువ. సరే, నేనూ మొహం గంభీరంగా పెట్టాను.

“ఉత్త మొద్దు మేడమ్. ఒళ్లు వంచదు. చెప్పింది బుర్రకెక్కదు. రాత చూస్తే కోడి కెలికినట్టుంటుంది. మీరే ఎలాగో దారిలో పెట్టాలి. మీరు ఎటు వేస్తే అటే, మాదేం లేదు. రెండు తగిలించినా మేం అడగం.”

“నాన్నా, ఆ చివరిది ఇక్కడ చెప్పకూడదు. పోలీసులొస్తారు” అంది మెల్లగా.

“సరే, అది వదిలెయ్. మిగతాది చెప్పు.”

చెప్పింది. ఎక్కడా తడుముకోకుండా చెప్పింది. ఆ భాష ఎంత చక్కగా మాట్లాడుతోందో! నాకు పది ముక్కల్లో ఒక్కటీ అర్థం కాకపోయినా గుండె ఉప్పొంగింది. టీచరమ్మ అంతా రాసుకుంది. మధ్యలో పెద్దదాన్ని ఏదో అడిగింది, ఇది ఏదో జవాబు చెప్పింది. ఏమిటంటే “ఏం లేదు నాన్నా” అంది. నేను టీచర్నని చెప్పమన్నాను. చెప్పానంది. ఆ తరవాత టీచరమ్మ నావైపు చాలాసేపు చూసింది, గౌరవంగా.

బస్సులో పెద్దది కిటికీ పక్కన కూర్చుంది. అలసిపోయినట్టుంది.

నవంబరు 15

పెద్దది నిన్న సాయంత్రం తినలేదు, ఈ పొద్దున్న తినలేదు. కడుపునొప్పట. స్కూల్లో ఏదో పడనిది తిని ఉంటుంది.

డిసెంబరు 7, శనివారం

లెక్క ఇస్తే “హోంవర్కుంది నాన్నా” అంది. పోయిన శనివారమూ అంతే, అంతకుముందూ అంతే. పెద్దపిల్ల అయింది, తన పని తను చూసుకుంటోంది. మంచిదే.

డిసెంబరు 14

ఈ శనివారం కూడా. మంచిదే.

జనవరి 20, సోమవారం

స్కూలు నుంచి ఉత్తరం. చిన్నోడు బిస్కెట్లు నములుతూ చదివాడు. “అక్కకి పని నేర్పే స్కూలంట. దుకాణాల కోర్సంట. సరుకు సర్దడం, బిల్లు కొట్టడం, కస్టమర్లతో మాట్లాడటం నేర్పుతారంట.”

ఇంకోసారి చదవమన్నాను. ఇంకోసారీ అదే ఉంది.

ఇదీ వీళ్ల బుద్ధి. రంగు చూస్తారు, పేరు చూస్తారు, తండ్రి ఏ పనిలో ఉన్నాడో చూస్తారు. దుప్పట్లు మడిచేవాడి కూతురు కౌంటరు వెనక నిలబడాలి, అంతే వీళ్ల లెక్క. నవ్వుతూనే గొంతు కోస్తారు. ఆ టీచరమ్మ చెయ్యి కలిపినప్పుడే అనుకోవాల్సింది. త్రిభుజాన్ని ఎత్తి తీసుకెళ్లి ఇంకో మూల పెట్టే పిల్ల సబ్బుపెట్టెలు సర్దాలా?

పెద్దది గదిలోంచి రాలేదు. తలుపు దగ్గర నిలబడి, “చూశావా, ఎంత అన్యాయమో!” అన్నాను.

“నాకు ముందే తెలుసు నాన్నా” అంది లోపలినుంచి.

అభ్యంతరం చెప్పుకోవడానికి ఫిబ్రవరి పధ్నాలుగు దాకా గడువుంది. నేనూ మా ఆవిడా పెద్దదీ, ముగ్గురం సంతకం పెట్టాలి. ఒక్కటి తగ్గినా చెల్లదట. పెడతాం. ఊరుకుంటానా?

జనవరి 21

మా ఆవిడ ఒకటే ప్రశ్న. “ఆ రోజు మీరేం చెప్పారు?”

“ఏం చెప్తాను, అందరూ చెప్పేదే.”

“అంటే?”

“మామూలు మాటలే.”

నిజంగా మామూలు మాటలే.

జనవరి 24

మామూలు మాటలే కదా.

జనవరి 29, బుధవారం

ఈ రోజుది రాయలేననుకున్నాను. రాయకపోతే ఎవరితో చెప్పుకోను? మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు.

ఇద్దరం సెలవు పెట్టి వెళ్లాం. పెద్దది క్లాసులో ఉంది, రానంది. ఈసారి గడిలో టిక్కు సరిగ్గా పెట్టాను. టీచరమ్మ బల్ల మధ్యలో ఫోను పెట్టి స్పీకరు వేసింది. అందులో ఒక తెలుగావిడ, ఏ ఊళ్లో కూర్చుని మాట్లాడుతోందో. గొంతు మెత్తగా, మాటలు పుస్తకంలోవిలా ఉన్నాయి.

నేనే మొదలుపెట్టాను. ఇంట్లో నాలుగు రోజులు వల్లెవేసుకున్నదంతా అందుకున్నాను. మా అమ్మాయి లెక్కల్లో ఎంతటిదో మీకు తెలుసా, ఏం చూసి అలా రాశారు, మేం పరాయివాళ్లమనా అని. ఫోన్లో ఆవిడ అంతా చెప్పింది. టీచరమ్మకి కోపం రాలేదు. ఫైలు తీసి ఒక పేజీ చదివింది. ఫోన్లో ఆవిడ దాన్ని తెలుగులో చెప్పింది.

“నవంబరు పధ్నాలుగు. తండ్రిగారి అభిప్రాయం. అమ్మాయి మందబుద్ధి. సోమరి. చెప్పిన విషయాన్ని గ్రహించలేదు. చేతిరాత అధ్వానం. భోజనం తప్ప ఆమెకు వేరే సామర్థ్యం లేదు. ఏ విభాగంలో వేసినా తల్లిదండ్రులకు అభ్యంతరం లేదు.”

మా ఆవిడ తల తిప్పి నావైపు చూసింది. ఆవిడ రోజూ రక్తం చూసే మనిషి, దేనికీ బెదరదు. ఆవిడ అలా చూడటం నేనెప్పుడూ ఎరగను.

“అది ఉత్తదే... మాట వరసకి అన్నాను” అన్నాను.

ఫోన్లో ఆవిడ ఆగింది. “మాట వరసకి అంటే వీళ్లకి ఎలా చెప్పాలో తెలియడం లేదండీ. మీరు ఆ రోజు అబద్ధం చెప్పారని చెప్పనా?”

ఏం చేయను? అలాగే చెప్పమన్నాను.

అప్పుడు టీచరమ్మ చాలాసేపు మాట్లాడింది. పెద్దదాన్ని పై చదువుల స్కూలుకే పంపుదామనుకుందట. క్లాసులో చెయ్యి ఎత్తదు, నోరు విప్పదు, కానీ కాగితం మీద తన ఆలోచన చూస్తే ముచ్చటేస్తుందట. కాస్త అనుమానం ఉండి తండ్రి మాట విందామని పిలిచిందట. నేను అలా అన్నాక పెద్దదాన్నే అడిగిందట, మీ నాన్న చెప్పినదానికి నువ్వు ఒప్పుకుంటావా అని. ఆ రోజు నాతో “ఏం లేదు నాన్నా” అన్నది ఆ ప్రశ్న గురించే. దాని జవాబు కూడా ఫైల్లో ఉంది.

“మా నాన్న ఇరవై రెండేళ్లు టీచరుగా పనిచేశారు. కొన్ని వేల మంది పిల్లల్ని చూశారు. పిల్లల విషయంలో ఆయన ఎప్పుడూ పొరపడరు. ఆయన అన్నారంటే నిజమే అయి ఉంటుంది.”

ఫోన్లో ఆవిడ అది చెప్పి గొంతు సవరించుకుంది.

రెండు తగిలించినా అడగం అన్న మాట ఆ పేజీలో లేదు. నాకు చెడ్డపేరు తెచ్చే ముక్క ఒక్కటీ ఏరి పక్కన పెట్టింది నా తల్లి. తనకి తెచ్చేవన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పింది.

జనవరి 30

డ్రైయర్ల పక్కన టీ గదిలో కూర్చుని రాస్తున్నాను.

అక్కడున్నప్పుడూ ఇలాగే అనేవాణ్ణి కదా. అది పలక పట్టినప్పటినుంచీ అంటున్నాను. తొంభై ఎనిమిది తెస్తే “మిగతా రెండూ కాకెత్తుకుపోయిందా?” అనేవాణ్ణి. పకపకా నవ్వేది. ఎందుకు నవ్వేది? పొద్దున్నించీ తడి దుప్పట్లు రోలరుకి ఎక్కిస్తూ ఇదే ఆలోచన.

స్టాఫ్ రూములో నేను దాని గురించి చెప్పుకోని రోజు లేదు. విని విని సైన్సు మాస్టారు చెవుల్లో దూది పెట్టుకుంటానన్నాడు. ఆయన ఇంటికెళ్లి వాళ్లావిడకి చెప్పేవాడు. ఆవిడ పాలు తెచ్చుకునే దగ్గర మా పిన్నికి చెప్పేది. పిన్ని వచ్చి పెద్దదాని బుగ్గ గిల్లి, “మీ నాన్న నీ గురించి ఊరంతా డప్పు కొడుతున్నాడే” అనేది. అలా నా మెచ్చుకోలు నాలుగిళ్లు తిరిగి సాయంత్రానికి దానికి అందేది. అందుకే నేను మొద్దు అంటే నవ్వేది.

ఇక్కడ సైన్సు మాస్టారు లేడు, పిన్ని లేదు. నేను అనేది ఒక్కటే దానికి వినిపిస్తోంది. ఏడాదిన్నరగా ఆ పిల్ల నా దగ్గర తిట్లు తప్ప ఇంకేమీ వినలేదు. నాకు తట్టలేదు. పిల్లల విషయంలో నేను ఎప్పుడూ పొరపడనట!

ఫిబ్రవరి 2, ఆదివారం

పెద్దదాని గదిలోకి వెళ్లి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మంచం మీద బట్టలు మడతపెట్టుకుంటోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. పాఠమైతే బోర్డు మీద తేదీ వేసి మొదలుపెట్టేవాణ్ణి.

“నువ్వు చాలా తెలివైనదానివే” అన్నాను.

నాకు జ్వరం వచ్చిందేమో అన్నట్టు చూసింది. “అమ్మ చెప్పమందా?”

“లేదు. నిజంగానే. నీలాంటి బుర్ర నేను ఎక్కడా చూడలేదు.”

“మరి ఆ రోజు?”

“ఆ రోజు అన్నది ఉత్తదే. టీచర్ల దగ్గర అలాగే అంటారు. నీకు తెలీదా?”

“నేను పక్కనే కూర్చున్నాను నాన్నా. నవ్వుతావేమో, ఉత్తదేలే అనుకుందామని నీ మొహమే చూశాను. నువ్వు నవ్వలేదు.”

టీచరమ్మ నవ్వలేదని నేనూ నవ్వడం ఆపేశానని ఎలా చెప్పను? చెప్పాను. అది చొక్కా చేతులు లోపలికి మడిచి పక్కన పెట్టింది.

“ఏది ఉత్తది నాన్నా? అదా, ఇదా?”

“ఇది కాదే తల్లీ.”

“సంతకం కావాలని అంటున్నావు కదా. పర్లేదులే.”

కోపంగా అన్నా బాగుండేది. నన్ను ఓదార్చినట్టు అంది.

ఫిబ్రవరి 5

ఈ డైరీ చూపిస్తే? సెప్టెంబరులో రాసుకున్నది చూపిస్తే నమ్మదా? సంతకం మాట లేనప్పుడు రాసింది కదా.

సాయంత్రం చంకలో పెట్టుకుని దాని గది దాకా వెళ్లాను. నవంబరు పధ్నాలుగున రాసింది కూడా ఇందులోనే ఉంది. “బ్రహ్మాండంగా జరిగింది” అని. దాని కడుపునొప్పి గురించి రాసింది ఉంది. పేజీలు చింపి ఇస్తే ఎందుకు చింపావంటుంది. వెనక్కి వచ్చేశాను.

ఫిబ్రవరి 8

మా ఆవిడ మాట్లాడుతోంది. “ఉప్పు అందించండి.” “తలుపు వెయ్యండి.” అంతవరకే.

ఫిబ్రవరి 13, గురువారం

రేపటితో గడువు ఆఖరు. ఈ రోజు సంతకాలకి వెళ్లాం. మా ఆవిడ బతిమాలితే పెద్దదీ వచ్చింది. అదే గుండ్రటి బల్ల, ఫోన్లో అదే తెలుగావిడ. కాగితం మీద నేను పెట్టాను, మా ఆవిడ పెట్టింది. టీచరమ్మ పెన్ను పెద్దదాని ముందు పెట్టింది.

అది తీసుకోలేదు.

నేను ఆగలేకపోయాను. “మేడమ్, మా అమ్మాయి వజ్రం. నేను చేసిన లెక్కలో నాకే దారి చూపించింది. నా మాట పట్టించుకోవద్దు, నేను వట్టి మూర్ఖుణ్ణి” అన్నాను. కళ్లనీళ్లు వచ్చేశాయి. ఫోన్లో ఆవిడ ఆ మూర్ఖుణ్ణి కూడా మర్యాదగా చెప్పి ఉంటుంది.

పెద్దది మాట్లాడింది. నాతో కాదు, టీచరమ్మతో, ఆ భాషలోనే. చాలాసేపు మాట్లాడింది, చేతులు ఒళ్లో పెట్టుకుని. నా కూతురు ఏమంటోందో ముక్కూ మొహం తెలియని మనిషి నోట విన్నాను.

“నాన్నగారి మీద నాకు కోపం లేదు. ఇక్కడికి వచ్చి ఆయన చాలా పోగొట్టుకున్నారు. అక్కడ ఆయన్ని అందరూ మాస్టారు అనేవారు. నేను ఆ పెద్ద స్కూలుకు వెళ్లి అక్కడ నెగ్గలేకపోతే, ఆయన ఇంకెవరికీ మొహం చూపించలేరు. ఆయన మొదట చెప్పిందే నిజం. ఇప్పుడు నా మీద ప్రేమతో చెబుతున్నారు. పొగిడేవాళ్ల మాట నమ్మకూడదని చిన్నప్పటినుంచీ ఆయనే నాకు నేర్పారు.”

మా ఆవిడ చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. టీచరమ్మ ఇంకోసారి పెన్ను ముందుకి జరిపింది. పెద్దది దాన్ని అందుకుని, క్యాపు పెట్టి, ఆవిడకే తిరిగి ఇచ్చింది.

“ఇంకేమైనా చెప్పమంటారా అండీ? నేను లైనులోనే ఉన్నాను” అంది ఫోన్లో ఆవిడ.

ఫిబ్రవరి 14

గడువు అయిపోయింది.

ఫిబ్రవరి 15

శనివారం. వంటింటి బల్ల తుడిచి కూర్చున్నాను. ఎవరూ రాలేదు.

మార్చి 6

మా ఆవిడ ఈ రోజు నా పక్కన కూర్చుని టీ తాగింది. “అదీ చదువేనండీ. ఆకలితో పోదు కదా” అంది. నాకు ధైర్యం చెప్పాలని అంది. ఆకలి గురించి నేనెప్పుడు బెంగపడ్డాను? ఆ బుర్ర తనది అని దానికి తెలియకుండానే పెద్దదైపోతుందే, అదీ నా బెంగ.

ఏప్రిల్ 12, శనివారం

చిన్నోడు లెక్క తెచ్చి చూపించాడు. మూడో లైనులోనే తప్పు.

“బాగా చేశావు” అన్నాను.

“తప్పు కదా నాన్నా? నాకే తెలుస్తోంది” అన్నాడు.

ఎలా పొగడాలో కూడా నేర్చుకోవాలి కాబోలు.

ఆగస్టు 25, సోమవారం

పెద్దది కొత్త స్కూలుకి వెళ్లింది. బూడిదరంగు చొక్కా, జేబు మీద స్కూలు గుర్తు, నల్ల ప్యాంటు. చొక్కా నేనే ఇస్త్రీ చేశాను. ఆసుపత్రి రోలరు మీద ఎన్ని వేల దుప్పట్లు చేశానో, ఈ ఒక్క చొక్కా చెయ్యడానికి అరగంట పట్టింది.

గుమ్మం దగ్గర బూట్లు కట్టుకుంటుంటే చెప్పాను. “నీ అంత తెలివైన పిల్ల నాకు తెలియదు తల్లీ.”

“సరే నాన్నా” అంది.

ఆగస్టు 29

రోజూ చెబుతున్నాను. బూట్లు కట్టుకునేటప్పుడు చెబుతున్నాను, ఎందుకంటే అప్పుడు మొహం చూడక్కర్లేదు, దానికైనా నాకైనా. రోజూ “సరే నాన్నా” అంటుంది. మా ఆవిడ వార్డులో ముసలివాళ్లతో మాట్లాడేటప్పుడు ఆ గొంతే పెడుతుంది.

సెప్టెంబరు 9, మంగళవారం

నిన్న క్లాసులో సరుకు పెట్టెలు అరల్లో పట్టించే పని ఇచ్చారట. ముప్పై పెట్టెలు పట్టే చోట ఇది ముప్పై ఆరు పట్టించిందట. ఎలా తిప్పి పెట్టిందో ఎవరికీ అర్థం కాలేదట. అది చెప్పలేదు, చిన్నోడు చెప్పాడు. వాడికి దాని స్నేహితురాలి తమ్ముడు చెప్పాడట.

పొద్దున్న గుమ్మం దగ్గర ఆ సంగతి ఎత్తాను. “ముప్పై ఆరు పట్టించావటగా! ఎవరికి తడుతుందే అలాంటిది? నాకైతే తట్టదు” అన్నాను. ఈసారి నేర్చుకుని అనలేదు, నోట్లోంచి దానంతట అదే వచ్చింది. ఇప్పుడైనా నా మొహం చూస్తుందేమో అని అక్కడే నిలబడ్డాను.

చూసింది. లేచి నిలబడి, సంచీ భుజానికి తగిలించుకుని, చిన్నగా నవ్వింది.

“థాంక్స్ నాన్నా” అంది.

పదహారేళ్లలో నా కూతురు నాకు ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు. పరాయివాళ్లకి చెప్పినట్టు చెప్పి, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్లిపోయింది.